తిమ్మమ్మ సాలు

4 నవంబర్ 2024, సోమవారం

ఫరీదాతో మాటలు బంద్ అయి నెల దాటింది. కింద హోటల్ ఆమెది, పైన గది నాది. నేను దాచుకున్న పాత పత్రికలన్నీ తుక్కువాడికి వేసింది. చెదలు పట్టాయట. చెదలు తినగా మిగిలింది కూడా నేను చదువుతాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఇక చెప్పను.

చాయ్ మాత్రం అక్కడే తాగుతున్నాను. గద్వాలలో అలాంటి చాయ్ ఇంకెక్కడా లేదు, అదే నా ఖర్మ. పొద్దున్నే గోడ పక్క కుర్చీలో కూర్చుంటాను. గ్లాసు పెట్టి పోతుంది. ఆమె పొయ్యి వైపు చూస్తుంది, నేను గోడ వైపు చూస్తాను.

5 నవంబర్

గీత ఫోన్ చేసింది. నేను రిటైరైన సీడ్ కంపెనీలో ఇప్పుడు ఆమె హెచ్.ఆర్. పదిహేడున ఫంక్షన్ హాల్లో లీడర్‌షిప్ వర్క్‌షాప్ ఉందట. కంపెనీ సూపర్‌వైజర్లు, బ్యాంకుల వాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు వస్తారట. రసూల్ సార్, మీరు సీనియర్, ముందు వరసలో కూర్చోవాలి అంది. మాట్లాడేది ఎవరని అడిగాను. శ్రీశైలం.

నా కింద ట్రైనీగా చేరినవాడు. మొదటి వారం ఆడ సాలు ఏదో మగ సాలు ఏదో తెలియక చేను మధ్యలో నిలబడి అందరికీ నవ్వు ముఖం పెట్టినవాడు. ఇప్పుడు హైదరాబాదులో లీడర్‌షిప్ కోచ్. వీడియోలు ఉన్నాయట, పుస్తకం కూడా వేశాడట. ఆ పుస్తకం గీత మనిషితో పంపింది.

7 నవంబర్

చదివాను. పూర్తిగా. చెడ్డ పుస్తకాన్ని సగంలో వదలడం నాకు చేతకాదు.

విజేతలు ఐదింటికి లేస్తారు. కంఫర్ట్ జోన్ దాటుతారు. రోజూ అద్దంలో తమను తాము మెచ్చుకుంటారు. ఇదంతా ఓపిక పట్టి చదివాను. తర్వాత వచ్చింది “ఖాళీ సాలు” అనే అధ్యాయం.

పత్తి విత్తనం చేనులో మధ్యాహ్నం నుంచి ఆడ సాలు మొగ్గలను గిల్లాలి. మర్నాడు మగ పువ్వు తెచ్చి వాటికి అద్దాలి. గిల్లకుండా వదిలితే ఆ పువ్వు తనంతట తానే కాయ కట్టుకుంటుంది. దాన్ని సెల్ఫ్ అనేవాళ్లం. కనబడితే తెంపి పారేసేవాళ్లం. శ్రీశైలం పుస్తకంలో పేజీకి నాలుగు సెల్ఫ్‌లు ఉన్నాయి, తెంపేవాడు లేడు.

సీజనంతా ఒక్కో మనిషికి ఒక్కో సాలు. గోపాల్‌పేట నుంచి వచ్చిన గుంపులో తిమ్మమ్మ అని ఒకామె. పిల్లవాడికి జ్వరం ముదిరి కర్నూలు దవాఖానకు పోయింది. మనిషి రాకపోతే ఆ సాలు పూలు తెంపేసి పేరు కొట్టేయడం కంపెనీ రూలు. అలా జరగలేదు. మిగతా ఆడవాళ్లు తలా కొన్ని చెట్లు పట్టుకున్నారు. ఆమె తిరిగి వచ్చేసరికి సాలు సాలుగానే ఉంది.

పుస్తకంలో ఆ పని చేయించింది శ్రీశైలం. కూలీలను కూర్చోబెట్టి, ఇది ఆమె సాలు కాదు, మనందరి సాలు అన్నాడట. వాళ్లు ఏడ్చారట. గట్టు మీద గొడుగు పట్టుకుని రూలు, రూలు అని అరిచిన పాతకాలపు మేనేజర్ ఒకడున్నాడట.

ఆ గొడుగు నాది.

యాభై ఏళ్లుగా పుస్తకాలు చదువుతున్నాను. వాటిలో మంచివాళ్లు ఉన్నారు, దుర్మార్గులు ఉన్నారు. నేనూ ఒక పుస్తకంలో ఉన్నానని తెలిశాక రాత్రి అన్నం సహించలేదు.

8 నవంబర్, ఉదయం 4 గంటలు

విజేతల కంటే గంట ముందు లేచాను. ప్రోస్టేట్.

ఆ పని చేయించింది నేను. నా కళ్ల ముందు జరిగింది, నా హయాంలో జరిగింది. హాజరు వేసింది కూడా నేనే. ఆ ఎండ గుర్తుంది, మందు వాసన గుర్తుంది, గొడుగులో విరిగిన పుల్ల గుర్తుంది. ఆడవాళ్లతో నేను ఏమన్నానో గుర్తు చేసుకోవాలని కూర్చున్నాను. ఒక్క మాటా రావడం లేదు. వయసు. ఫరవాలేదు, విన్నవాళ్లు ఉన్నారు. గుంపు మేస్త్రీ జమ్ములమ్మది గోపాల్‌పేటే. ఆమెను తీసుకొచ్చి హాలులో నిలబెడతాను. శ్రీశైలం ముఖం చూస్తాను.

9 నవంబర్

చాయ్‌లో ఇవాళ అల్లం ఎక్కువ వేసింది. నాకు దగ్గు ఉందని ఎవరు చెప్పారో.

11 నవంబర్, సాయంత్రం

వనపర్తిలో బస్సు మారి గోపాల్‌పేటలో దిగాను. జమ్ములమ్మ ఇల్లు అడిగితే చేను చూపించారు. పత్తి ఏరుతోంది. తల తెల్లబడింది కానీ చేతి వేగం తగ్గలేదు. గులాం రసూల్ అని చెప్పాను. గుర్తు రాలేదు. గద్వాల, సీడ్ చేను అన్నాను.

“ఏ సారువు? నవ్వుల సారువా, గొడుగు సారువా?”

గొడుగు అన్నాను. నాకు ఆ పేరుందని ఇన్నేళ్లకు తెలిసింది. పక్క సాళ్లలో ఆడవాళ్లు నవ్వారు. మరి గొడుగేదని ఒకామె అడిగింది. ఇప్పుడు నా నీడలో ఎవరూ పని చేయడం లేదని చెప్పాను. ఆమెకు అది జోకుగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

పుస్తకం సంగతి చెప్పాను. తిమ్మమ్మ సాలు పట్టుకోమని మీకు చెప్పింది నేనేనని ఆదివారం గద్వాలకు వచ్చి నలుగురిలో చెప్పాలన్నాను. ఏరడం ఆపకుండానే విన్నది.

“నువ్వేడ చెప్పినవు సారూ? ఎవ్వరు చెప్పలే. మనిషి రాకుంటే ఆమె సాలు తలా ఇన్ని చెట్లు పట్టుకుంటం. మా అత్త కాలం కెళ్లి గంతే. నువ్వు గట్టు మీదికెళ్లి వచ్చినవు, చూసినవు. గొడుగు అడ్డం పెట్టుకొని అటు తిరిగినవు. ఆమె చెట్లన్నీ అయ్యేదాంక ఇటు తిరగనే లేదు.”

సాయంత్రం పూట తూర్పుకు గొడుగు పట్టుకున్నానట. సారుకు ఎండ ఏ దిక్కున ఉన్నదో తెల్వదని వాళ్లు నవ్వుకున్నారట.

శ్రీశైలం ఏం చేశాడని అడిగాను. ఆ సారు ఆ దినం కండ్లబడలేదు అంది. పుస్తకంలో తిమ్మమ్మ పేరు ఉందా అని ఆమె అడిగింది. లేదు, ఒక మహిళా కూలీ అని రాశాడన్నాను. గట్లనా అని ఇంకో చెట్టుకు పోయింది. తిమ్మమ్మ పోయిన ఏడు చనిపోయిందట. జ్వరం వచ్చిన పిల్లవాడు వనపర్తిలో ఆటో నడుపుతున్నాడు. బహుశా ఇవాళ వాడి ఆటోనే దాటుకుని వచ్చి ఉంటాను.

గద్వాలకు రానంది. మబ్బు పట్టేటట్టుంది, పత్తి తడుస్తుంది. జొన్నరొట్టె పెట్టింది. గట్టు మీద ఒక్కణ్నే కూర్చుని తిన్నాను. వాళ్లు అప్పటికే తినేశారు.

12 నవంబర్

మాట్లాడలేదు కనుక మాటలు గుర్తు రాలేదు. అంతే.

మేనేజ్‌మెంట్ మీద ఎన్ని పుస్తకాలు చదివాను. నా మొత్తం సర్వీసులో ఎవరికైనా గుర్తున్న పని ఒక్కటే, అటు తిరిగి నిలబడటం.

నా పేరు ఎలాగూ దక్కదు. వాడి పేరు పోగొట్టగలను. ఈ వయసులో అది తక్కువ ఆనందం కాదు. పోతాను.

17 నవంబర్, ఆదివారం

హాలు నిండింది. శ్రీశైలం కోటు వేసుకున్నాడు, చెవి దగ్గర మైకు. ముందు వరసలో నన్ను చూసి ఒక వాక్యం మధ్యలో ఆగాడు. నీళ్లు తాగాడు. ఖాళీ సాలు కథ చెప్పాడు, గొడుగు మేనేజర్ లేకుండా. అతని బదులు “నా గురువు రసూల్ సార్” కథలోకి వచ్చాడు, ప్రోత్సహించాడు. అందరూ నా వైపు తిరిగారు. నన్ను స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని గీత చేతి మైకు ఇచ్చింది.

రెండు కాదు, ఇరవై మాటలు తెచ్చుకున్నాను. బస్సులో, స్నానంలో, మంచం మీద నూరి నూరి పెట్టుకున్నవి. శ్రీశైలం నా పక్కనే ఉన్నాడు. ఏసీ హాలులో అతని చెవి వెనక చెమట కారుతోంది. ట్రైనీగా ఉన్నప్పుడు కూడా అలాగే కారేది. పెట్టిన నవ్వు మాత్రం చెదరలేదు.

ఇంతే అన్నాను.

“ఆ సాలు తిమ్మమ్మది. ఆమె రాని నాడు జమ్ములమ్మ గుంపు పట్టుకుంది. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.”

తర్వాత చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు. దాన్ని నా వినయం అనుకున్నారు. బ్యాంకాయన ఒకరు ఫోనులో నోట్ చేసుకున్నాడు. గీత కళ్లు తుడుచుకుంది. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది శ్రీశైలం. నిజం చెప్పి ఇంత ఘోరంగా ఓడిపోయినవాడు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేడు.

భోజనాల దగ్గర చేతులు కడుగుతుంటే పక్కకు వచ్చి నిలబడ్డాడు. కోటు విప్పేశాడు.

“సార్, ఆ దినం నేను చేన్ల లేనే లేను. కర్నూలుల సినిమాకు పోయిన. మీరు అందరిముందర ఇజ్జత్ తీస్తరని పొద్దుగాల కెళ్లి బువ్వ దిగలేదు.”

ఆ చేనులో అతని నోటి నుంచి ఎన్నడూ రాని నిజం, కొళాయి దగ్గర వచ్చింది. కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. తిను పో అన్నాను.

నేను చెప్పిన మాటను రెండో ముద్రణలో వేసుకోవచ్చా అని అడిగాడు. వేసుకో, కానీ తిమ్మమ్మ పేరు, జమ్ములమ్మ పేరు ఉండాలన్నాను. తల ఊపాడు. నాలుగడుగులు పోయి మళ్లీ వచ్చాడు. పేర్లు మారిస్తే నడుస్తదా సార్ అన్నాడు.

18 నవంబర్

శాలువా మెత్తగా ఉంది. నా భార్య షాహెదా బతికి ఉంటే, ఇంత ఎండల ఊరిలో ఇంత మందం గుడ్డ ఎవడిచ్చాడని అడిగేది. కప్పుకుని చాయ్‌కి దిగాను. ఫరీదా చూసింది. గ్లాసు పెట్టి పొయ్యి వైపు తిరిగింది. అడిగితే చెప్పాలని అంతా కూడగట్టుకుని దిగాను. పైకి వచ్చి మడత పెట్టాను.

20 నవంబర్

జ్వరం.

21 నవంబర్. టైం తెలియదు

కిందికి దిగలేదు. గోడ పక్క కుర్చీ ఖాళీగా ఉండి ఉంటుంది.

మెట్ల మీద చప్పుడు. తలుపు తోసిన చప్పుడు. స్టూలు మీద గ్లాసు పెట్టారు. అల్లం వాసన. ఇవాళ్టి పేపరు కూడా.

గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె మెట్లన్నీ దిగేదాకా ఇటు తిరగలేదు.