గ్యాస్ మిగిలింది, బిల్లు పెరిగింది

వీరేందర్,

ఉదయం ఏడూ నలభైకి కరెంటు బిల్లు వచ్చింది. 2,340 రూపాయలు. పోయిన నెల 610. ఇకనుంచి వంటకు కరెంటు హీటర్ ముట్టుకోకు. సాయంత్రం అన్నం గ్యాస్ మీదే వండు. పెరుగు నేను తెస్తాను.

బిల్లు ఇస్తూ ఇంటి ఓనరు పూలమ్మ అవ్వ, "ఏందే బిడ్డా, ఇంట్ల పిండి గిర్ని గిట్ల పెట్టిన్రా?" అని అడిగింది. సిలిండరు ఇంకా సగం ఉంది. ఆదా చేస్తున్నామనే అనుకున్నాను.

బాపుకు ఫోన్ చేశాను. "నేనే చెప్పిన వానికి. గ్యాస్ దండుగ, హీటర్ మీద వండుకొమ్మన్న. మన క్వార్టర్ల ఎన్నడన్న గింత బిల్లు చూసినమా?" అన్నాడు. కరెంటు ఉచితంగా వచ్చే కంపెనీ క్వార్టరు వదిలి కిరాయి ఇంటికి వచ్చామన్న సంగతి మన ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు. నిన్న నీ టీ ఖర్చు మీద అరిచాను. ఎందుకు అరిచానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

అవ్వ డబ్బు ఇవాళే అడిగింది. నీ పరీక్ష ఫీజుకు దాచింది తీసుకెళ్తున్నాను. ఫీజుకు కూడా ఇవాళే ఆఖరు. ఏది ముందు కట్టాలో ఇంకా తేలలేదు.

అక్క జమున

తా.క. బాపు మళ్లీ ఫోన్ చేశాడు. మధ్యాహ్నం రెండో షిఫ్టుకు పోయేలోపు ఫీజు తానే కడతానన్నాడు. తొమ్మిదింటికి ఫోన్లో చూశాను. ఫీజు ఇంకా కట్టలేదు.