ఆశమ్మ చెప్పని ఆయాసం

6 ఫిబ్రవరి 2011, ఆదివారం

ఈరోజు చిక్కడపల్లిలో మా ప్రార్థన హాలు దద్దరిల్లింది. రోగం పేరు నోటితో పలకొద్దు, పలికితే దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టే అన్నాను. ఈ మాట నాకు ఏ బైబిల్ కాలేజీలోనూ ఎవరూ నేర్పలేదు. వాక్యం ముందు కూర్చుంటే దొరికింది. అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే గ్రూప్స్ పిల్లలు కూడా లేచి నిలబడి ఆమెన్ అన్నారు.

ఆశమ్మను స్టేజీ మీదికి పిలిచాను. పాలమూరు మనిషి, ఇటుకలు మోసే పని. మా హాలు రెండో అంతస్తులో. ప్రతి ల్యాండింగ్‌లో గోడ పట్టుకుని ఆగి ఆగి వస్తుంది. పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టు ఉంటాయి. నాకు ఆయాసం లేదు అని చెప్పు తల్లీ అన్నాను. మైకులో చెప్పింది. ఒకటే చప్పట్లు. మొగుడు బాలప్ప తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

సాక్ష్యం చెప్పినవాళ్ల ఇంటికి తర్వాత నేనే వెళ్లి, సందేహం పుట్టేలా మాట్లాడి పరీక్షిస్తాను. అది నా పద్ధతి. పోయినేడు ప్రహ్లాద్ ఆ పరీక్షలో పడిపోయాడు, రోగం ఉందని నోటితో ఒప్పేసుకున్నాడు. ఆశమ్మ పడదు.

11 ఫిబ్రవరి

మా సహవాసంలోని మహేశ్వరి నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో మెడికల్ కోడర్, డాక్టర్లు రాసిన రోగాలకు ఇన్సూరెన్స్ కోసం కోడ్‌లు పెట్టే పని. ఆశమ్మను అక్కడ చూపించింది. ఎకో అనే గుండె స్కాన్‌లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ బాగా ఎక్కువగా కనిపించిందట. పల్మనరీ హైపర్‌టెన్షన్ కావచ్చట. ఖాయం చేయాలంటే సన్నని ట్యూబు గుండెలోకి పంపి కొలవాలి, క్యాథ్ అంటారు. అప్రూవల్ కోసం ఇన్సూరెన్స్‌కు పంపారు.

నోరు జాగ్రత్త తల్లీ అని ఆశమ్మకు మళ్లీ చెప్పాను.

18 ఫిబ్రవరి

అప్రూవల్ రాలేదు. మహేశ్వరి నన్ను మెట్ల మీదే ఆపేసింది. ఆశక్కకు ఏం నేర్పి పంపిన్రన్నా, డాక్టరమ్మ ఏమడిగినా లేదు లేదు అనుడే అంది. మెట్లెక్కితే ఆయాసమా, లేదు. కాళ్ల వాపా, లేదు. కళ్లు తిరుగుతయా, లేదు. బాలప్ప నోరు తెరవబోతే మోచేత్తో పొడిచిందట. ఆమె చెప్పినట్టే డాక్టరమ్మ కంప్లైంట్స్ ఏమీ లేవని రాసింది. రోగం పేరు పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టింది. ఓపీ కేసుల అనుమానానికి కోడ్ పెట్టొద్దన్నా, ఉన్న లక్షణానికే పెడతం, లక్షణమే లేదని ఆమెనే చెప్పె, ఇగ నేనేం పెట్టాలె అని అడిగింది.

ఆ రోగానికి ఐ-27 అని ఏదో కోడ్ ఉందట. అదే పెట్టెయ్ అన్నాను. డాక్టర్ రాయనిది నేను పెడితే దొంగసాక్ష్యం గాదా, పోయిన నెల గంటసేపు దాని మీదనే అరిస్తిరి గదా అంది.

గ్రంథం చేతిలోనే ఉంది. తెరవలేదు.

20 ఫిబ్రవరి, ఆదివారం

డాక్టర్ దగ్గర నిజం చెప్పండి అని బోధించాను. అదే నిప్పు, అవే ఆమెన్లు. ఆశమ్మ అందరికంటే గట్టిగా అంది. తర్వాత విడిగా అడిగాను. గది రోగమున్నోళ్లకు చెప్పిన్రు గదన్నా, నాకు లేదాయె అని నవ్వింది.

22 ఫిబ్రవరి

బంద్. బస్సుల్లేవు. గాంధీనగర్ వెనక ఆమె ఉండే బస్తీకి నడిచే వెళ్లాను. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూసునే ఉంటుందన్నా అని బాలప్ప గుమ్మంలోనే గుసగుసగా చెప్పాడు. లోపలికి వెళ్లి ఆమెతో సూటిగా అన్నాను. నీతో అలా చెప్పించడం నాదే తప్పు, ఆసుపత్రికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాను.

పరీక్ష పెట్టనీకొచ్చినవా అన్నా, ప్రహ్లాదన్న లెక్క నేను పడిపోత అనుకున్నవా అంది. ఒట్టేశాను. ప్రహ్లాదన్నకు గూడ ఒట్టేసినవంట గదా అంది. చాయ్ పెట్టి ఇచ్చింది. గిన్నె ఎత్తడానికి రెండుసార్లు ఆగింది.

3 మార్చి

గొంతు బాగాలేదని చెప్పి ప్రార్థనకు వెళ్లలేదు. గొంతు బాగానే ఉంది.

15 మార్చి

మహేశ్వరి డాక్టరమ్మకు క్వెరీ పెట్టింది. ఎకో ఒకటి చెబుతోంది, నోట్స్ ఒకటి చెబుతున్నాయి, స్పష్టం చేయండి అని. డాక్టరమ్మ మళ్లీ పిలిపించింది, నేనూ వెంట వెళ్లాను. ఈసారి నోటిని ఏమీ అడగలేదు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి కారిడార్‌లో నడవమంది.

ఆశమ్మ సగం దూరంలోనే ఆగింది. గోడకు చెయ్యి ఆనించి, డాక్టరమ్మ వైపు కాదు, నా వైపు చూసింది. ఏం లేదన్నా, చెప్పు జారింది అంది.

చెప్పులు వార్డు బయటే విడిచి వచ్చింది.

డాక్టరమ్మ అంతా రాసింది. ఆయాసం రాసింది. పడిపోయిన ఆక్సిజన్ రాసింది. ఇగ కోడ్ పడతదన్నా అంది మహేశ్వరి. ఆమె ముఖంలో సంతోషం లేదు. నెల పోయింది గదా అంది.

24 మార్చి

అప్రూవల్ వచ్చింది. సోమవారం క్యాథ్. స్తోత్రం అనబోయి ఆగాను. ముందు సోమవారం రానీ.

27 మార్చి, ఆదివారం

ఆశమ్మ లేదు. నిన్న పొద్దున నల్లా దగ్గర బిందె ఎత్తుతూ కూలిపోయింది. పక్కింటామె పట్టుకుని ఏమైందక్కా అంటే, ఏం లేదు అందట. అదే చివరి మాట.

సమాధి దగ్గర మా సహవాసంలోని విద్యాసాగర్ నా చెయ్యి పట్టుకున్నాడు. చివరిదాక సాక్ష్యం నిలబెట్టుకుందన్నా, వచ్చే ఆదివారం స్టేజీ మీద చెప్పున్రి, మస్తు బలపడతరు అన్నాడు. చెయ్యి విదిలించుకున్నాను.

బాలప్ప దగ్గరికి పోయి క్షమించమన్నాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడాలని కూడా కోరుకున్నాను. ఆమె డాక్టరమ్మకు అబద్ధమాడలేదన్నా, మీరు చెప్పమన్నదే చెప్పింది అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు.

3 ఏప్రిల్, ఆదివారం

ఎవరూ రాకముందే వెళ్లాను. మొదటి ల్యాండింగ్‌లో, ఆమె చెయ్యి ఆనించే చోట గోడ నల్లబడి ఉంది. అక్కడ నా చెయ్యి పెట్టి, నోటితో, పైకి పలికాను.

ఆశమ్మకు ఆయాసం ఉంది.