రెండువందల ఇరవై

ప్రియమైన నాన్నకు,

ఉద్యోగంలో మొదటిసారి ఒక పెద్ద ప్రతిపాదన నా చేత రాయిస్తున్నారు. ఏమిటో తెలిస్తే మీరు రెండు రోజులు అన్నం మానేస్తారు. విమానాశ్రయానికి కొత్త ఫైర్ స్టేషన్. రన్‌వే మధ్యభాగానికి ఎదురుగా కడతారు. మీరు పనిచేసిన పాతది పడగొడతారు.

విమానాశ్రయం ప్రభుత్వానిదే అయినా మా కంపెనీ లీజుకు తీసుకుని నడుపుతోందని మీకు తెలుసుగా. పెద్ద పని ఏది తలపెట్టినా విమానసంస్థలు ఒప్పుకోవాలి, ఖర్చు వాళ్ళు కట్టే రుసుముల్లోంచే రావాలి కాబట్టి. చట్టం తప్పనిసరి చేసిన పనికి మాత్రం వాళ్ళ ఒప్పుదల అక్కర్లేదు. ఫైరింజను మూడు నిమిషాల్లో రన్‌వే చివరికి చేరాలని చట్టం. మొన్న పాత స్టేషన్ నుంచి చూస్తే మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది.

నిన్న ఆ పాత స్టేషన్ మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. మూడో మెట్టు ఇంకా విరిగే ఉంది.

మీ
తొందరపిట్ట


ప్రియమైన తొందరపిట్టకు,

అన్నం మానలేదు. మానితే మీ అమ్మ ఊరుకుంటుందా?

ఆ మెట్టు విరగ్గొట్టింది మా లావుపాటి డ్రైవరు, గంట మోగగానే పైనుంచి దూకి. ఆదివారం డ్రిల్లుకు నిన్నూ తీసుకెళ్ళేవాణ్ణి. ఆ మెట్టు మీదే కూర్చునేదానివి, ఒళ్ళో కథల పుస్తకం. గంట వినగానే పుస్తకం మూసి ఒకటి, రెండు అని మొదలుపెట్టేదానివి. అవతలి చివర నీళ్ళు పైకి చిమ్మేదాకా ఆపేదానివి కాదు. మేం తిరిగొచ్చాక డ్రైవరు "ఏమ్మా, ఎంతైంది?" అనేవాడు. "రెండువందల ఇరవై" అనేదానివి. "మూడు నిమిషాలంటే నూట ఎనభయ్యే తల్లీ, నీది మరీ తొందర" అని అందరం నవ్వేవాళ్ళం. ఆ పేరు అలా వచ్చిందే.

అంత మంచి కట్టడం పడగొట్టడం దేనికి? ఇప్పటివాళ్ళకు ఒళ్ళు వంగదు, అంతే.

నీ
నాన్న


ప్రియమైన నాన్నకు,

నిన్నటి సమావేశంలో విమానసంస్థల తరఫు పెద్దమనిషి మీ పాత డ్రిల్లు రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. పద్దెనిమిదేళ్ళవి. ప్రతి ఆదివారం మీ అక్షరాల్లో 'మూడు నిమిషాలు'. "పాతవాళ్ళు ఇక్కణ్ణుంచే చేరారు కదమ్మా. లోపం స్టేషన్‌ది కాదు, ఇప్పటి సిబ్బందిది. మధ్యలో చట్టం ఎందుకొచ్చింది?" అన్నాడు. చట్టం కోరే పని కాదని తేలితే వాళ్ళు ఒప్పుకోరు, కొత్త స్టేషన్ రాదు. నెలాఖరున తేలుస్తారు.

మీ దస్తూరి చూడగానే ముందు సంతోషమేసింది. తర్వాత నా ప్రతిపాదన మూసి పక్కన పెట్టేశాను. గుమ్మం దగ్గర ఇప్పటి డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. స్కూల్లో సంగీతం సిస్టర్ నా తాళం ఎప్పుడూ తప్పదనేది. నేను నిజంగా తొందరగా లెక్కపెట్టేదాన్నా?

మీ
తొందరపిట్ట


నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. కలం పట్టుకోవడానికి అన్ని రోజులు పట్టింది.

రన్‌వే పొడిగించాక మేం ఎన్నడూ మూడు నిమిషాల్లో చేరలేదు. "వచ్చే ఏడు కొత్త స్టేషన్ వస్తుంది, అంతదాకా మూడని రాసెయ్యవయ్యా" అన్నాడు మా పై అధికారి. రాశాను. ఆ వచ్చే ఏడు రానే లేదు. చేతికి మాత్రం అలవాటైపోయింది.

సరిగ్గా చెప్పింది నువ్వొక్కదానివే. అది తొందరని నవ్వి నీ నోరు మూయించాను. ఇప్పుడు నలుగురిలో మాట్లాడ్డానికి నువ్వు జంకితే మీ అమ్మ "ఎవరి పోలికో!" అంటుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను.

జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి ఇందులో ఉంచాను. నన్నేమంటారో అననీ. ఆ డ్రైవరు తలెత్తుకోవాలి. సమావేశంలో నువ్వే చదివి వినిపించు. తడబడకు. నీకు తొందర ఎప్పుడూ లేదు.

పడగొట్టే ముందు ఒక ఆదివారం వస్తాను. మూడో మెట్టు మీద ఇద్దరం కూర్చుందాం. గంట మోగాక నువ్వు లెక్కపెట్టు. నువ్వు ఎంతంటే అంతే రాస్తాను.

నీ
నాన్న