సైకిలు దిగిన చోటు

ఆదోని, 3-11-1983

మామకు నమస్కారాలు.

కర్నూలు పోటీకి నేను పోవాలంటే మీరు తోడు రావాలి. అందుకే వెంటనే రాస్తున్నాను.

మొన్న మా కాలేజీ పోటీ జరిగింది. అందులో కాలువ ఈది, సైకిలు తొక్కి, చివర పరుగెత్తాలి. మీరు బావిలో నేర్పిన ఈతతో అందరికంటే ముందు గట్టెక్కాను. సైకిలు మీద వస్తుంటే పత్తి జిన్నింగు మిల్లు ముందు నాన్న, వాళ్ల మేస్త్రీ కూర్చుని ఉన్నారు. పెద్దల ముందు తొక్కకూడదు కదా, దిగి నడిపించుకుంటూ పోయాను. ఇద్దరు నన్ను దాటిపోయారు. మూడోదాన్నయ్యాను. కర్నూలుకు ముగ్గురిని పంపుతారు.

సాయంత్రం నాన్న, "యాటికి దిగినావమ్మీ? నేనేమన్నా కలెక్టరునా?" అన్నాడు. ఆయనకు సెలవు దొరకదట, మీరొస్తే పంపుతానన్నాడు.

ఈ ఉత్తరం చదివిపెట్టినవారితోనే జవాబు రాయించండి. పన్నెండో తేదీలోపల అందాలి. వస్తే దారి పక్కన మాత్రం కూర్చోకండి.

మీ మేనకోడలు