చిన్నపిల్ల కూడా బిగించగల తెర

మంగళవారం రాత్రి

పెద్దాపురం వెళ్లి, గది మధ్య పెట్టుకునే అడ్డుతెర అప్పగించి వచ్చాను. చెక్క పలకల మీద తామరతీగలు చెక్కించాను. స్క్రూలు అక్కర్లేదు, పలకని గాడిలో దూర్చితే నిలబడుతుంది. చిన్నపిల్ల కూడా బిగించేలా ఉండాలని ఆ ఇంటావిడ ముందే చెప్పారు. నా ఎదుటే వాళ్లమ్మాయి, ఏడో తరగతి పిల్ల, ఒక్కతే బిగించేసింది. నాకు గర్వంగానే అనిపించింది.

"హాల్లోకేనా అండి?" అన్నాను.

"కాదండి, వెనక వసారాలోకి. మొన్నామధ్యే అమ్మాయి పెద్దమనిషయింది. నెలనెలా ఆ మూడు రోజులూ దీని వెనకే కూర్చుంటుంది. అప్పుడు మేం ముట్టుకోకూడదు కదండి, అందుకే తనే పెట్టుకునేలా చేయమన్నాను."

ఆ పిల్ల పలకలు విప్పి గోడకి చేర్చింది.

ఇంకొకరు చెయ్యి వేస్తే తప్ప నిలబడని తెర చేసి ఉండాల్సింది.