చక్రవర్తి చెంప మీది గీత

అంతియొకయ టంకశాల పెద్దయ్యకు,

మాల్కస్ తల్లిని. ఎవరిచేతా రాయించకుండా నేనే రాస్తున్నాను, తప్పులుంటే ఉండనీ.

నా కొడుకు పోయిన మూడో రోజున మీ మనిషి కంచు నాణేల సంచి తెచ్చి ఇచ్చాడు. "ఇనుప అచ్చు ఉన్నట్టుండి పగిలిందమ్మా, ముక్క వచ్చి గొంతులో దిగింది. ఎవరి చేతిలో ఏముంది?" అన్నాడు.

సంచి విప్పాను. నా మొగుడూ మీ దగ్గరే సమ్మెట ఎత్తీ ఎత్తీ ముసలివాడయ్యాడు. అచ్చు బీటలిస్తే నాణెం మీద గీత పొడుచుకొస్తుందని నాకు తెలుసు. మీరు పంపిన ప్రతి నాణెం మీదా చక్రవర్తి నుదుటి నుంచి మెడ దాకా ఆ గీత ఉంది. కొన్నిటి మీద సన్నంగా, కొన్నిటి మీద వేలికి తగిలేంత లావుగా. ఉన్నట్టుండి పగిలిందా అయ్యా?

"అచ్చు మార్చండి" అని నా కొడుకు అడిగితే, మీరు "చీలింది చక్రవర్తి చెంప, నీది కాదుగా! పండగ దాకా కొట్టరా" అన్నారట. వాడు ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

ఈ నాణేలు తిరిగి పంపను. పొద్దున నీళ్ల దగ్గర మీ పనివాళ్ల పెళ్లాలకు తలా ఒకటి ఇచ్చి, గీత తడిమి చూడమన్నాను. అచ్చులన్నీ మగవాళ్లు తమ కళ్లతో చూసుకోందే రేపు మీ టంకశాలలో ఒక్క సమ్మెటా పైకి లేవదు.