కళ్లజోడు పెట్టెలో పట్టే కెమెరా

నాన్నకు, నేను కులాసా. కాలి బెణుకు తగ్గింది, బెంగ పెట్టుకోవద్దని అమ్మతో చెప్పండి.

కొండలెక్కేటప్పుడు వెంట ఉంటుందని డిజిటల్ కెమెరా కొన్నాను. కొట్టాయన ముందు పెద్దది చూపించి, "దీంతో తీస్తే అవతలి కొండ మీద మేక కూడా కనబడుద్దమ్మా" అన్నాడు. పార్శిల్ కౌంటర్లో పనిచేసే రోజుల్లో మీరు పొట్లాల బరువు చూసినట్టే కళ్లు మూసుకుని, చెయ్యి చాపి పట్టుకున్నాను. నూరు లెక్కపెట్టేలోపే చెయ్యి దిగిపోయింది. ఆయన నవ్వి, లోపల్నుంచి నిరుటి మోడల్ తెచ్చాడు. చవక, పిడికిట్లో ఇమిడిపోతుంది. మీరు నేర్పిన విద్య అక్కరకొచ్చింది నాన్నా, కొట్లోనే మీకు దణ్ణం పెట్టుకున్నాను.

మీ పాత కళ్లజోడు పెట్టె పంపండి, కెమెరా అందులో సరిగ్గా పడుతుంది. మోకాలికి నూనె రాస్తున్నారా? అప్పుడు కొండ దారిలో ఆ మోకాలు మొండికేసి మీరు వెనుదిరిగిన మలుపు దగ్గరే మొదటి ఫొటో తీస్తాను. రెండోది, ఆ మలుపు అవతల ఏముందో మీకు చూపించడానికి.

మీ చిన్నమ్మాయి